ఎండ తినే ఎద్దు

ఫోన్‌లో వ్యాన్ బ్యాటరీ అరవై నాలుగు శాతం అని కనిపించింది. పొద్దున ఆరింటికి ఇస్లాపూర్‌లో వ్యాన్ కదిలినప్పుడు నూరు ఉండింది. ఇప్పుడు పది గంటలు. నాలుగు గంటల్లో ముప్పై ఆరు పోయింది. శ్రద్ధ లెక్క ప్రకారం పదిహేనుకు మించి పోకూడదు.

"మబ్బు," అనుకుంది శ్రద్ధ. ఆకాశం నిజంగానే మసిగుడ్డలా ఉంది. ఎండ లేకపోతే సోలార్ పలకలు ఏం పని చేస్తాయి?

వ్యాన్ వెనక భాగంలో ఉన్న మంచం మీద ముత్తవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ముక్కుకు గొట్టం. మంచం కింద యంత్రం బుసబుసమంటోంది. గాలిలోంచి ఆక్సిజన్ వేరు చేసి ఇచ్చే యంత్రం అది. పది నిమిషాలు ఆగిందంటే ముత్తవ్వ పెదాలు నీలం తిరుగుతాయి. ముప్పై ఏళ్లు జిన్నింగ్ మిల్లులో పత్తి దుమ్ము మింగింది. మిల్లు మూతపడింది, యజమాని ఇంకో వ్యాపారం పెట్టుకున్నాడు, దుమ్ము మాత్రం ఈమె ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది.

వ్యాన్ ఆగి ఉన్నది నాందేడ్‌లో, గాయిరాన్ కేసులు వినడానికి పెట్టిన సునావణీ కచేరీ ఎదుట. గాయిరాన్ అంటే ఊరి పశువుల బీడు. సర్కారుది. ఆ బీడులో నలభై రెండు కుటుంబాలు రాళ్లు ఏరి, తుమ్మ కొట్టి, నలభై ఏళ్లుగా జొన్న, కంది వేసుకుంటున్నాయి. మరో జానెడు భూమి ఎవరికీ లేదు. ఇప్పుడు ఖాళీ చేయమని నోటీసులు వచ్చాయి. గడువుగా పెట్టిన ఏడాదికి ముందు నుంచే దున్నుతున్నట్టు రుజువు చూపితే పట్టా చేస్తామని సర్కారు అంటుంది. రుజువు ఒక్కటే ఉంది. బీడు దున్నినందుకు ఆనాడు తహసీలు వాళ్లు వేసిన జుర్మానాకు ఇచ్చిన పావతి, అంటే రసీదు. దున్నినందుకు శిక్ష వేసిన సర్కారే ఇప్పుడు, మీరు దున్నలేదు పొమ్మంటోంది. ఆ పావతి మీద ఏడుగురి వేలిముద్రలున్నాయి. ఆరుగురు చనిపోయారు. ఏడో ముద్ర ముత్తవ్వది.

ఆమె స్వయంగా వచ్చి అధికారి ముందు వేలిముద్ర వేయాలి. రెండు తారీఖులకు రాలేకపోయింది. యంత్రానికి కరెంటు కావాలి, దారి నాలుగు గంటలు. పోయినసారి వ్యాన్‌లో పాత సీసం బ్యాటరీలు భోకర్ దాటకముందే చచ్చిపోయాయి. వెనక్కి తిప్పుకుని దవాఖానాకు పరుగెత్తారు. మూడోసారి గైర్‌హాజర్ అయితే ఏకపక్షంగా తీర్పు. నోటీసులో నల్లటి అచ్చు అక్షరాల్లో ఉంది.

అందుకే శ్రద్ధ ఈ బండిని విప్పింది.

ఒకప్పుడు అది పుణె టూరిస్టు కంపెనీ వాళ్ల క్యాంపర్ వ్యాన్. లోపల మంచం, చిన్న తొట్టి, కుళాయి, ఫ్యాన్. తుప్పు పట్టాక వేలంలో కూలీల యూనియన్ కొన్నది. నాందేడ్‌కు ధర్నాకు వచ్చే ఆడవాళ్లకు పడుకోవడానికి చోటు కావాలి కదా. శ్రద్ధ మూడేళ్లు ఒక కంట్రాక్టరు కింద పొలాల్లో సోలార్ పంపులు బిగించింది. సర్టిఫికెట్ లేదు. విప్పి చూసి నేర్చుకుంది, కాలి నేర్చుకుంది. ఇద్దరు మనుషులు మోసే సీసం బ్యాటరీలు రెండూ పీకి, వాటి జాగాలో ఒక్క లిథియం పెట్టె పెట్టింది. పైన పాత పలక తీసేసి పెద్దవి రెండు బిగించింది. ప్రతి తీగ కొస తనే నొక్కింది. పాత బ్యాటరీకి తగ్గట్టు ఉన్న ఛార్జింగ్ సెట్టింగు మార్చి కొత్తదానికి తగ్గట్టు పెట్టింది. పదిహేను దగ్గరికి దిగితే దానంతట అదే ఆగిపోయేలా కట్టడి చేసింది. అంతకంటే దిగితే లోపలి సెల్లులు దెబ్బతింటాయి.

ఇంజను నుంచి బ్యాటరీకి వచ్చే తీగ మాత్రం తెంపి పక్కన పెట్టింది. డ్రైవర్ మారోతి అప్పుడే గొణిగాడు.

"ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ నిండుతది గదా బిడ్డ. గింత తెల్వదా నీకు?"

"పాతదయితే ముసలోళ్లు గంజి తాగినట్టు మెల్లగ తాగుతది కాక. ఇది దొరికినంత గుంజుతది. నీ డైనమో కాలిపోతది. నడుమ ఒక డబ్బా పెట్టాలె. అది పుణె నుంచి ఇంకా రాలే."

"రాకుంటే?"

"ఎండ ఉన్నది గదా."

ఎండ ఉన్నది గదా అన్న మాట గుర్తొచ్చి శ్రద్ధ మళ్లీ ఆకాశం వైపు చూసింది.

కచేరీ లోపలి నుంచి యూనియన్ కార్యకర్త దేవిదాస్ వచ్చాడు. చెమట పట్టి ఉన్నాడు.

"పదకొండుకు అన్నరు గదా, సాహెబ్ మీటింగ్‌ల ఉన్నడట. జేవణ్ అయినంక పిలుస్తరట."

"అన్నం తిన్నంక అంటే ఎప్పుడు అన్నా?"

"గుమ్మం కాడి పట్టేవాలాకు తెల్వది, క్లార్కుకు తెల్వది. సాహెబ్‌కు ఎరుకో లేదో."

"ప్లగ్గు అడిగినవా?"

"అడిగిన. ఈ గల్లీల పొద్దటి సంది కరెంటు లేదు. జనరేటర్ మీద సాహెబ్ రూములకే ఇస్తున్నరు. అర్జీ రాసిస్తే సోమవారం చూస్తరట."

ముత్తవ్వ ముక్కు గొట్టం సర్దుకుంది. "సోమవారం దాక ఊపిరి బంద్ పెట్టుకోమని చెప్పినవా లేదా?"

మారోతి నవ్వలేదు. బండి పక్కన నిలబడి సైడ్ అద్దానికి కట్టిన ఎర్ర కుచ్చును సర్దుతున్నాడు. నిన్న పొలాల, ఎద్దుల పండుగ. ఎద్దులున్న ఇళ్లవాళ్లు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు వేసి, వీపు మీద ఎర్ర చేతులు అద్ది, ఊరంతా తిప్పి, పూరీలు తినిపించారు. ఈ నలభై రెండు ఇళ్లలో ఎద్దు ఒక్కటీ లేదు. తాతల నాటి నుంచి వేరేవాళ్ల ఎద్దులను కడగడమే వీళ్ల పని. నిన్న మాత్రం ఈ బండినే ఎద్దు చేసుకున్నారు. కడిగారు. అద్దాలకు కుచ్చులు కట్టారు. తలుపుల మీద ఎర్ర చేతులు అద్దారు. శ్రద్ధ నిన్న మధ్యాహ్నం పైకెక్కి పలకలను శుభ్రంగా తుడిచి, ఆక్సిజన్ సిలిండర్ కోసం కిన్వట్ వెళ్లిపోయింది. తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. పొద్దున తలుపులు చూసి నవ్వుకుంది.

"మొదటి చెయ్యి అవ్వదే," అని మారోతి వెనక తలుపు చూపించి గొప్పగా చెప్పాడు. ముత్తవ్వ బొటనవేలికి ఇంకా ఎర్రరంగు ఉంది.

పన్నెండున్నరకు మబ్బు విడిపోయింది. రోడ్డు మీద నీడలు నల్లగా, గీత గీసినట్టు పడ్డాయి. శ్రద్ధ ఫోన్ తీసింది. పలకల నుంచి వచ్చే కరెంటు ఎనభై ఐదు వాట్లు.

మళ్లీ చూసింది. ఎనభై ఎనిమిది.

ఈ ఎండకు నాలుగు వందల యాభై రావాలి. యంత్రం లాగేదానికంటే ఎక్కువ రావాలి. బ్యాటరీ నిండుతూ ఉండాలి. కానీ నలభై మూడుకు దిగింది.

"ఏమైంది?" అన్నాడు దేవిదాస్.

"మబ్బు గాదు."

"మరేంది?"

"నేను చేసిన పనిల ఏదో తప్పున్నది."

ఆ మాట అనడం తేలిక కాదు. ఈ పని తనకు రాదని అన్నవాళ్ల మొఖాలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఆడపిల్ల వైర్లు బిగిస్తే ఏమవుతుందో చూద్దామని చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లు యూనియన్‌లోనే ఉన్నారు. వాళ్ల మాట నిజమైతే తన పేరు పోవడం చిన్న సంగతి. మంచం మీద మనిషి ఉంది.

మంచం పక్క చెక్క తీసింది. తీగలు ఒక్కొక్కటి లాగి చూసింది. ఫ్యూజు బాగుంది. సెట్టింగు సరిగ్గా ఉంది. ఇక మిగిలింది పలకల నుంచి దిగే తీగల జోడింపులు. అవి విప్పి చూడాలంటే అన్నీ ఆపాలి. యంత్రం కూడా.

"అవ్వా, పది నిమిషాలు సిలిండర్ పెడత."

అందరూ సిలిండర్ వైపు చూశారు. మోకాలెత్తు ఉంటుంది. నలభై నిమిషాల గాలి. అది మెట్లెక్కడం కోసం తెచ్చింది. సునావణీ గది మేడ మీద. యంత్రం మేడ ఎక్కదు. సిలిండర్ ఎక్కుతుంది. ఇక్కడ ఖర్చు పెడితే అక్కడ ఉండదు.

"వద్దు," అన్నాడు దేవిదాస్. "గురుద్వారా దిక్కు పోదాం. అక్కడ కరెంటు ఉంటది, ఎవ్వలను అడిగినా ప్లగ్గు ఇస్తరు. పది నిమిషాల తొవ్వ."

"పోయినంక పేరు పిలిస్తే?" అంది శ్రద్ధ.

"నేనిక్కడ ఉంట."

"నీ వేలు పెడ్తవా? పట్టేవాలా మూడు మాట్ల పిలుస్తడు. మూడు మాట్లకు మనిషి కనవడకుంటే గైర్‌హాజర్. పోయినసారి మన పక్కూరోళ్లది గట్లనే అయింది. ఉచ్చకు పోయొచ్చేసరికి కేసు పోయింది."

"అయితే దవాఖానకు తీస్కపోదాం. భూమి పోతే పోనీ, మనిషి ముఖ్యం."

ముత్తవ్వ దగ్గింది. అందరూ ఆగారు. దగ్గు తగ్గాక దేవిదాస్ వైపు చూసింది.

"నువ్వెంత మంచోనివిరా దేవిదాసు. నేను బతికి యాడ ఉండాలె? ఆ బీడుల నా గుడిసె ఉన్నది. మా ఆయన బొంద ఉన్నది. దవాఖానల నాకు పట్టా ఇస్తరా?" ఊపిరి తీసుకుంది. "పెట్టు బిడ్డ సిలిండరు. జల్ది చూడు."

శ్రద్ధ గొట్టాన్ని యంత్రం నుంచి తీసి సిలిండర్‌కు తగిలించింది. మీట నొక్కింది. యంత్రం బుస ఆగిపోయింది. వ్యాన్‌లో ఒక్కసారిగా నిశ్శబ్దం. సిలిండర్ ముల్లు కొద్దికొద్దిగా పక్కకు జరుగుతోంది.

జోడింపులు విప్పింది. లోపల మసి లేదు. కాలిన వాసన లేదు. రాగి మెరుస్తోంది. మళ్లీ బిగించింది. రెండోది విప్పింది. అది కూడా శుభ్రంగా ఉంది. తొందరలో చిన్న వాషరు ఒకటి జారి కింద పడింది. మారోతి సీటు కింద పాకి వెతికాడు. పది నిమిషాలు అనుకున్నది ఇరవై అయింది. వాషరు దొరికాక అన్నీ బిగించి మీట వేసింది. యంత్రం మళ్లీ బుసకొట్టింది.

తొంభై వాట్లు.

సిలిండర్ ముల్లు సగానికి వచ్చింది. ఇరవై నిమిషాల గాలి ఏమీ సాధించకుండా పోయింది.

ఒంటిగంటన్నర దాటింది. ముప్పై ఎనిమిది. మేడ మీది కిటికీలోంచి భోజనం డబ్బాలు తెరుస్తున్న చప్పుడు, నవ్వులు. శ్రద్ధ బ్యాటరీ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని కంట్రాక్టరు చెప్పిన మాటలన్నీ గుర్తు చేసుకుంది. ఫోన్‌లో తెలిసిన ఇద్దరిని అడిగింది. ఒకాయన పలక పగిలి ఉంటుంది అన్నాడు. ఇంకొకాయన, ఎవరు బిగించారమ్మా అన్నాడు. ఫోన్ పెట్టేసింది.

రెండున్నరకు పట్టేవాలా మెట్ల మీదికి వచ్చాడు. ఎవరి పేరో పిలిచాడు. ముత్తవ్వ పేరు కాదు. దేవిదాస్ అడిగితే, "చార్ వాజతా," అని చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయాడు. నాలుగింటికి.

నాలుగింటికి పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటుంది. నాలుగన్నరకు పదిహేను. అక్కడ ఆగిపోతుంది. అప్పటికీ పిలవకపోతే సిలిండర్. ఇరవై నిమిషాలు. తర్వాత ఏమీ లేదు.

"బిడ్డ," అన్నాడు మారోతి. గొంతు తగ్గించాడు. "ఆ తెంపిన తీగ ఉన్నది గదా. జర కలుపుత. ఇంజన్ చాలు చేస్త. కాలితే నా డైనమోనే కాలుతది."

"డైనమో కాలితే ఊరికే ఊకోదు కాక. మంట వస్తది. మంచం కింద ఆక్సిజన్ ఉన్నది."

మారోతి ముఖం పాలిపోయింది. తీగ వైపు చూడడం మానేశాడు.

"నీ మూతి చూస్తే నేను అప్పుడే సచ్చిపోయిన్నా అనిపిస్తున్నది," అంది ముత్తవ్వ. "బయట కూసోపో."

పలక పగిలి ఉంటుందన్న మాట శ్రద్ధను వదల్లేదు. రాళ్లు తగిలాయా దారిలో? చూడాలంటే పైకెక్కాలి. నిచ్చెన ఇస్లాపూర్‌లోనే ఉంది, సిలిండర్‌కు జాగా కావాలని తనే దింపేసింది. బానెట్ మీద కాలు పెట్టింది. అద్దం కడ్డీ పట్టుకుంది. దేవిదాస్ చేతులు జోడించి పట్టుకుంటే వాటి మీద రెండో కాలు వేసి పైకి లేచింది. కడుపు రేకుకు రాసుకుంది, రేకు పెనంలా కాలింది. తల పైకి వచ్చింది.

కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

రెండు పలకల నిండా చేతులు. ఎర్రటి చేతులు. పెద్దవి, చిన్నవి, గాజుల గీతలు కూడా పడ్డవి, పసిపిల్లలవి. ఇరవయ్యో ముప్పయ్యో ఉంటాయి. వరసలు తప్పకుండా, ఎద్దు వీపు మీద అద్దినట్టు, ఒళ్లంతా. ఎండలో మెరుస్తున్నాయి.

"మారోతి కాకా."

"ఏంది?"

"పైన చేతులు ఎవ్వలు పెట్టిన్రు?"

"అందరు పెట్టిన్రు. మన ఆడోళ్లంత. ఏ, మంచిగ లేవా?"

"అద్దం మీద పెట్టిన్రు."

"వీపు మీద పెట్టకుంటే యాడ పెడ్తరు? అదే గదా వీపు."

శ్రద్ధ వేలితో ఒక చెయ్యిని గీకింది. రాలేదు. ఉమ్మి తడిపి రుద్దింది. రాలేదు.

"జేగురు అయితే నీళ్లతోని పోవాలె గదా. ఇదేంది?"

"వాన మబ్బు ఉండె గద నిన్న. జేగురు కారిపోతదని కొమ్ములకు పూసే వార్నీసు రంగు కలిపినం. ఏడాదంత ఉంటది." మారోతి గొంతులో ఇంకా గర్వం ఉంది. ఆమె ముఖం కనబడగానే అది ఆగిపోయింది. "ఏమైంది బిడ్డ?"

"అది ఎండ తింటది కాక. దాని మీద మీరు చేతులు పెట్టిన్రు."

"చెయ్యంత రంగుకు గింత తగ్గుతదా? అద్దం అంత ఖాళీగనే ఉన్నది."

"నీళ్ల కాలువ ఉన్నది. నడుమ ఒక్క జాగల మట్టి ఏసినవ్ అనుకో. కింది మడి ఎండుతదా లేదా? కాలువ మిగిలింది అంత మంచిగనే ఉంటది. నీళ్లు మాత్రం పారయి. ఈ పలకల గదులన్ని ఒకదాని ఎనుక ఒకటి గట్లనే ఉన్నయి."

మారోతి నేల మీద చతికిలబడ్డాడు. "ఎవ్వలకు ఎరుక? నువ్వు చెప్తివా? వైర్లు ముట్టకుండ్రి, షాక్ కొడ్తది అంటివి. వైర్లు మేం ముట్టలే."

అది నిజం. వారం రోజులు బండి చుట్టూ ఆడవాళ్లు నిలబడి చూస్తుంటే శ్రద్ధ, జరుగుండ్రి, ముట్టకుండ్రి అన్నదే తప్ప ఇది ఏం తింటుంది, దేనికి చస్తుంది అని ఒక్కరికి చెప్పలేదు. తనకు కూడా ఎవరూ చెప్పలేదు ఒకప్పుడు. కంట్రాక్టరు ఇలాగే జరుగు జరుగు అనేవాడు. అడ్డం పడి నేర్చుకుంది. ఇప్పుడు తనే ఇంకొకళ్లను జరుగు అంది.

సిగ్గుపడే టైము లేదు. మూడు దాటింది. ఇరవై ఏడు.

"డీజిల్ తీయ్ కాక. దేవిదాస్ అన్నా, గుడ్డలు."

గుడ్డలు లేవు. ముత్తవ్వ దుప్పటి ఒకటి, మారోతి భుజం మీది చేరుమాలు ఒకటి. చేరుమాలు రెండు చేతులు తుడిచేసరికే రంగుతో నిండిపోయింది. దేవిదాస్ వ్యాన్‌లోంచి యూనియన్ బ్యానరు తెచ్చి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దున్నేవాళ్లకే భూమి అని దాని మీద మరాఠీలో, తెలుగులో రాసి ఉంది. పదేళ్ల బ్యానరు.

"ఇయ్యి."

"ఇది…"

"బ్యానరు మళ్ల రాసుకుందాం. ఇయ్యి అన్నా."

ఇచ్చాడు. పళ్లతో కొరికి రెండు ముక్కలు చేసింది. మారోతి ట్యాంకులోంచి గొట్టంతో డీజిల్ పీల్చి సీసాలో పట్టాడు, నోట్లోకి పోయింది ఉమ్మేశాడు. శ్రద్ధ పలకల మధ్య మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో చెయ్యి మీద డీజిల్ పోసి రుద్దింది. కింద మారోతి ఫోన్ పట్టుకుని అంకెలు చదువుతున్నాడు.

"తొంభై ఐదు. తొంభై ఐదే. నూట పది."

ఒక్కో చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుస్తోంది. వేలు వంకర ఉన్నది సుమిత్రాబాయిది, గడ్డికోత యంత్రంలో పోయింది. గాజుల గీతలున్నది కొత్త కోడలిది. వాళ్లను తుడిచేస్తున్నట్టే ఉంది. ఆగలేదు.

"ఇంక ఎంత?"

"నూట ముప్పై. ఎక్కుత లేదు బిడ్డ. నువ్వు రుద్దుతున్నవ్ గాని ఎక్కుత లేదు."

"ఒక్కటి మిగిలినా ఎక్కదు."

లోపలి నుంచి ముత్తవ్వ గొంతు సన్నగా వచ్చింది. "అన్ని తుడువు. ఒక్కటి ఉంచకు. పాపం గిట్ల అనుకోకు. మల్లొచ్చే ఏడాది పెట్టుకుంటం, తలుపు మీద."

చివరి వరస. మూలన ఒక పసిచెయ్యి. డీజిల్ అయిపోయింది. బ్యానరు ముక్కలో మిగిలిన తడితోనే గట్టిగా రుద్దింది. తర్వాత డీజిల్ జిడ్డు పోవడానికి వ్యాన్ తొట్టి కుళాయిలోంచి దేవిదాస్ సబ్బు నీళ్లు బకెట్‌తో అందించాడు. పోసి తుడిచింది.

కింద మారోతి ఫోన్ అద్దాన్ని చొక్కాకు తుడిచి మళ్లీ చూశాడు.

"ఎంత కాక?"

"మూడు వందల పది." మళ్లీ అన్నాడు. "మూడు వందల ఇరవై."

బ్యాటరీ పంతొమ్మిది దగ్గర ఆగింది. పెరగలేదు. తగ్గడం మాత్రం ఆగింది. నాలుగైంది.

శ్రద్ధ కిందికి దిగింది. మోచేతుల దాకా ఎరుపు, డీజిల్ వాసన. ముత్తవ్వ చూసి, "నువ్వే ఎద్దు లెక్క ఉన్నవ్," అంది.

నాలుగైంది, పిలవలేదు. నాలుగుంపావు. ఎండ వాలుతోంది. రెండు వందల డెబ్బై. పద్దెనిమిది. భవనం నీడ మెల్లగా బండి వైపు పాకుతోంది. అది పలకల మీదికి వస్తే మళ్లీ మొదటికే. మారోతి నీడను చూశాడు. పలకలను చూశాడు. ఎవరూ చెప్పకుండానే బండి ఎక్కి, రెండు గజాలు వెనక్కి, ఎండలోకి జరిపాడు.

నాలుగు నలభైకి పట్టేవాలా మెట్ల మీదికి వచ్చాడు.

"ముత్తవ్వా గంగారామ్ గడ్డమ్‌వార్."

"హాజర్," అని అరిచాడు దేవిదాస్. "హాజర్ ఆహే."

సిలిండర్ తగిలించారు. ప్లాస్టిక్ కుర్చీలో ముత్తవ్వను కూర్చోబెట్టి దేవిదాస్ ముందు, మారోతి వెనక పట్టుకుని ఎత్తారు. సిలిండర్ శ్రద్ధ చంకలో. మెట్లు ముప్పై నాలుగు. లెక్కపెట్టింది. మేడ మీదికి వచ్చేసరికి ముల్లు సగంలోంచి పావుకు దిగింది.

మారోతి రొప్పుతూ గుమ్మం దగ్గర ఆగాడు. శ్రద్ధ అతని చెవిలో ఏదో అంది. అతడు తల ఊపి మెట్లు దిగిపోయాడు.

గదిలో క్లార్కు తల ఎత్తకుండా బెంచీ చూపించాడు. "బసా. ఇంకా ఇద్దరున్నారు."

"కూసోలేం," అంది శ్రద్ధ మరాఠీలో. ఆగకుండా సాహెబ్ బల్ల దగ్గరికి నడిచింది. సిలిండర్‌ను కాగితాల మీద పెట్టింది. క్లార్కు లేచాడు.

"ఈ ముల్లు చూడండి సాహెబ్. ఇది సున్నాకు వస్తే ఈమె ఊపిరి ఆగిపోతుంది. పది నిమిషాలున్నాయి. పొద్దున పది గంటల నుంచి కింద ఉన్నాం. ఇంకా కూర్చోమంటే కూర్చుంటాం. మీ గదిలో చనిపోయిందని కూడా మీరే రాసుకోవాలి."

సాహెబ్ అద్దాలు తీశాడు. చెడ్డవాడు కాదు, మంచివాడూ కాదు. అలసిపోయినవాడు. ముల్లును చూశాడు, ముత్తవ్వ పెదాలను చూశాడు. "అసలు పావతి తీయండి," అన్నాడు.

పావతి తీశారు. పసుపు కాగితం. ఏడు నల్లని ముద్రలు. క్లార్కు సిరా ప్యాడ్ ముందుకు తోశాడు. ముత్తవ్వ బొటనవేలు నొక్కింది. కాగితం మీద ఒక మరక పడింది. గీతలు లేవు. గుండ్రటి మచ్చ.

"ఇదేమిటి? వేలికి రంగు ఉంది," అన్నాడు క్లార్కు. "గీతలు మూసుకుపోయాయి. కడుక్కుని వచ్చే తారీఖుకు రండి."

వార్నీసు రంగు. ఏడాదంతా ఉంటుంది.

శ్రద్ధ నడుము దగ్గర తడిమింది. బ్యానరు ముక్క అక్కడే దోపుకుని ఉంది. డీజిల్ తడి ఇంకా ఆరలేదు. వంగి ముత్తవ్వ బొటనవేలు పట్టుకుంది. రుద్దింది. ముత్తవ్వ పళ్లు బిగించింది. చర్మం లేస్తుందేమో అన్నంతగా రుద్దింది. ఎరుపు పోయింది, సిరా పోయింది, కింద పాత చర్మం కనిపించింది. పత్తి గింజలు ఒలిచి ఒలిచి అరిగిపోయిన చర్మం. గీతలు ఉన్నాయో లేవో తెలియదు.

"పెట్టు అవ్వా."

పెట్టింది. అందరూ బల్ల మీదికి వంగారు.

కాగితం మీద సుడి తిరిగిన గీతలు. నడుమ అడ్డంగా ఒక తెగిన గాటు. పావతి మీది ఏడో ముద్రలోనూ అదే గాటు.

"తుమ్మ కొట్టంగ తెగింది," అంది ముత్తవ్వ. సాహెబ్‌కు అర్థం కావాలని మరాఠీలో మళ్లీ చెప్పింది. "ఆ బీడులనే. పావతి రాసిన ఊరి తలాఠీ ఈ వేలి రక్తం చూసి, ఇంకో వేలు వేయమన్నడు. నేను ఎయ్యలే."

సాహెబ్ భూతద్దంతో చాలాసేపు చూశాడు. ముల్లు ఎర్రగీత దాటింది. శ్రద్ధ దగ్గింది. ఆయన పెన్ను తీసి హాజర్ అని రాసి, ముద్ర తన ముందే వేసిందని రాసి, సంతకం పెట్టాడు. పోలిక తేలాక తీర్పు ఇస్తామన్నాడు. తేలుతుంది అని మాత్రం అనలేదు.

"నకలు ఇప్పుడే ఇయ్యండి," అంది శ్రద్ధ. క్లార్కు ఆమెను తినేసేలా చూశాడు. ఇచ్చాడు.

మెట్లు దిగుతుంటే ముల్లు సున్నాకు వచ్చింది. కింది నుంచి పద్నాలుగో మెట్టు. ముత్తవ్వ తల పక్కకు వాలింది. కుర్చీని ముందు దేవిదాస్, వెనక వేరే కేసుకు వచ్చిన ఎవరో రైతు పట్టుకున్నారు. శ్రద్ధ ఖాళీ సిలిండర్ వదిలేసి కిందికి పరుగెత్తింది.

మారోతి, శ్రద్ధ తన చెవిలో చెప్పినట్టే చేశాడు. వ్యాన్ మెట్ల పక్కకు, ఎండ ఇంకా పడుతున్న సాహెబ్ కారు ఆపే గీతల గడిలోకి వచ్చేసి ఉంది. వెనక తలుపు తెరిచి, ఇంట్లో వంటింటి దాకా నడవడానికని కొన్న పొడుగు గొట్టం చుట్ట విప్పి, కొస చేత్తో పట్టుకుని మెట్ల మీదే నిలబడ్డాడు. శ్రద్ధ అతని చేతిలోంచి గొట్టం లాక్కుని ఏడో మెట్టు దాకా ఎక్కింది, కుర్చీ అప్పటికి అక్కడికి దిగింది. అందింది. ముత్తవ్వ ముక్కుకు పెట్టింది.

ఒకటి. రెండు. మూడు. ముత్తవ్వ ఛాతీ లేచింది.

అక్కడే మెట్ల మీద కుర్చీ దింపారు. కచేరీ జనం చుట్టూ ఆగారు. కింద సెక్యూరిటీ వాడు మారోతి దగ్గరికి వచ్చి బండి బానెట్ మీద లాఠీతో కొట్టాడు.

"ఏయ్, ఇది సాహెబ్ గాడీ జాగా. తీయి. నీడ అటు ఉంది కదా, చెట్టు కింద పెట్టుకో."

"నీడల పెట్టరాదు," అన్నాడు మారోతి.

"ఎందుకు పెట్టరాదు?"

మారోతి పైన పలకల వైపు చూపించాడు. తర్వాత వాడికి అన్నీ చెప్పాడు. ఎండ ఎలా తింటుందో, కాలువలో మట్టి వేస్తే ఏమవుతుందో, ఒక్క చెయ్యంత రంగు ఎంత చేస్తుందో. తప్పులు లేకుండా చెప్పాడు. శ్రద్ధ వింటూ మెట్టు మీద కూర్చుంది.

"సాహెబ్ కిందికి వస్తే ఏం చెప్పాలి నేను?" అన్నాడు సెక్యూరిటీ వాడు.

"ఎద్దు మేస్తున్నది అని చెప్పు. కడుపు నిండినంక లేస్తది."

ముత్తవ్వ కళ్లు తెరిచింది. "బిడ్డ, నా పేరు రాసిండా?"

"రాసిండు అవ్వా."

"ఏమని?"

"హాజర్ అని."

ముత్తవ్వ తన బొటనవేలు చూసుకుంది. దాని చుట్టూ చర్మం కందిపోయి ఎర్రగా ఉంది, రంగు లేకుండానే. ఫోన్‌లో పదిహేడు. ఎండ ఇంకో గంట ఉంటుంది. గురుద్వారా దిక్కు పది నిమిషాలు, అక్కడ ప్లగ్గు దొరుకుతుంది. శ్రద్ధ లేచి బండి వెనక తలుపు మీద ఉన్న ఎర్ర చేతిని ఒకసారి చూసింది. దాన్ని తుడవలేదు. అది ఎవరి దారికీ అడ్డం లేదు.